పిల్లలు నోరు విప్పాలంటే ముందు బడి నోరు విప్పాలి

పద్దెనిమిదేళ్లలోపు పిల్లలను లైంగిక దాడుల నుంచి కాపాడటానికి మన దేశం చేసుకున్న చట్టం పోక్సో. 2012లో పార్లమెంటు ఆమోదించిన ఈ చట్టం అదే ఏడాది నవంబరు 14న, బాలల దినోత్సవం నాడు అమల్లోకి వచ్చింది. బిడ్డ మనసు మరింత నొప్పించకూడదన్న శ్రద్ధ ఇందులో అడుగడుగునా కనిపిస్తుంది. బిడ్డ వాంగ్మూలం తీసుకునే పోలీసు అధికారి యూనిఫాంలో ఉండకూడదు. బిడ్డను రాత్రిపూట స్టేషన్‌లో ఉంచకూడదు. వీలైనంతవరకు సబ్ ఇన్‌స్పెక్టర్ స్థాయికి తగ్గని మహిళా అధికారి, బిడ్డ ఇంట్లోనో బిడ్డకు నచ్చిన చోటో కూర్చుని, చెప్పింది చెప్పినట్టు రాసుకోవాలి. సాక్ష్యం చెప్పేటప్పుడు నిందితుడు బిడ్డ కంటపడకుండా కోర్టు చూడాలి. ఇంత ఆలోచించి రాసిన చట్టం కదలాలంటే, చాలా సందర్భాల్లో ముందుగా ఒకటి జరగాలి. తనకేం జరిగిందో బిడ్డ ఎవరో ఒకరికి చెప్పాలి. అక్కడ నోరు పెగలకపోతే కేసూ లేదు, కోర్టూ లేదు, శిక్షా లేదు. ఆ చెప్పడం బిడ్డకు ఎవరు నేర్పాలి? లైంగిక విద్య, సంబంధాల విద్య బడిలో ఉండాలా వద్దా అన్న చర్చను మనం ఈ ప్రశ్న దగ్గర మొదలుపెట్టాలి. బడే నేర్పాలన్నది నా వాదన. ఎందుకో చెబుతాను.

పిల్లలు తమంతట తాము చెప్పరా అని అడగవచ్చు. చెప్పడం లేదనే ఆధారాలు చూపిస్తున్నాయి. కేంద్ర మహిళా, శిశు అభివృద్ధి శాఖ 13 రాష్ట్రాల్లో జరిపించిన అధ్యయనం 2007లో వెలువడింది. 12 వేలమందికి పైగా పిల్లలను అడిగితే, 53 శాతం మంది ఏదో ఒక రూపంలో లైంగిక వేధింపు ఎదురైందన్నారు. వాళ్లలో మగపిల్లలు ఆడపిల్లల కంటే కొంచెం ఎక్కువే ఉన్నారు. వేధింపులు బాగా ఎక్కువగా కనిపించిన నాలుగు రాష్ట్రాల్లో అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఒకటి. వీటన్నిటికంటే బాధపెట్టే సంగతి ఏమిటంటే, ఆ పిల్లల్లో ఎక్కువమంది ఎవరికీ చెప్పుకోలేదు. ఎలా చెబుతారు? జాతీయ నేర గణాంకాల ప్రకారం పోక్సో కేసుల్లో నూటికి 90కి పైగా నిందితులు బిడ్డకు తెలిసినవాళ్లే. చాక్లెట్లు కొనిపెట్టే మావయ్యో, ఫోను చేతికిచ్చి ఆడుకోమనే పక్కింటి అన్నయ్యో అయినప్పుడు, అది తప్పని బిడ్డకు మొదట అర్థమే కాదు. అర్థమయ్యే సరికి, ఇది మనిద్దరి మధ్యే ఉండాలి, అమ్మకు చెబితే నిన్నే కొడుతుంది అని అతను చెప్పి ఉంటాడు. ఇంట్లో ఆ భాగాల పేరెత్తితేనే తప్పు తప్పు అని నోరు నొక్కించిన బిడ్డ, అతని మాటే నమ్ముతుంది. మనం నేర్పిన మౌనం నేరస్తుడికి అక్కరకు వస్తోంది.

పుస్తకాల్లో పాఠాలు లేవా అంటే, ఉన్నాయి. ఉన్నత పాఠశాల సైన్సులో కౌమార దశ గురించి, పదో తరగతి జీవశాస్త్రంలో ప్రత్యుత్పత్తి గురించి పిల్లలు చదవాలి. ఆ పాఠం వచ్చిన రోజున చాలా తరగతి గదుల్లో ఏం జరుగుతుందో మనందరికీ తెలుసు. బోర్డు మీద పాఠం పేరు రాస్తారు. ముఖ్యమైన ప్రశ్నలకు టిక్కు పెట్టిస్తారు. మిగతాది ఇంటి దగ్గర చదువుకోమని తరువాతి పాఠానికి వెళ్లిపోతారు. వెనక బెంచీల్లో నవ్వులు వినిపిస్తాయి, ఆడపిల్లలు తలలు వంచుకుంటారు. పరీక్షలో బొమ్మ గీయమంటే పిల్లలు పెన్సిలుతో చక్కగా గీసి, భాగాలు గుర్తించి మార్కులు తెచ్చుకుంటారు. తన ఒంట్లో వస్తున్న మార్పు మామూలుదేనా అన్న సందేహం మాత్రం ఎవరి దగ్గరా తీరదు. ఇళ్లలోనూ అంతే. ఆడపిల్ల పెద్దమనిషైతే బంధువులందరికీ కబురు పెడతాం. చిమ్మిలి దంచి తినిపిస్తాం. పట్టు ఓణీ వేసి ఫంక్షన్ హాల్లో కుర్చీలో కూర్చోబెట్టి ఫొటోలు తీయిస్తాం. ఊరందరికీ తెలిసిన ఆ సంగతి ఎందుకు జరిగిందో, నెలనెలా ఏ జాగ్రత్తలు తీసుకోవాలో, ఇకమీదట గర్భం వచ్చే వీలుందన్న నిజం ఏమిటో, ఆ కుర్చీలో ఉన్న పిల్లకు విడమరిచి చెప్పేవాళ్లు తక్కువ. మగపిల్లవాడికి ఆ పలకరింపు కూడా లేదు. గొంతు మారినప్పుడు, నిద్రలో వీర్యం పోయినప్పుడు తనకేదో రోగం వచ్చిందని హడలిపోతాడు. బస్టాండు గోడల మీద నరాల బలహీనత అని రాసిన ప్రకటనల్లో జవాబు వెతుక్కుంటాడు. విజయవాడకు చెందిన డాక్టర్ జి. సమరం వారపత్రికల్లో పాఠకుల లైంగిక సందేహాలకు ఏళ్ల తరబడి జవాబులు రాశారు. ఆ శీర్షికకు అంతకాలం ఆదరణ ఉందంటేనే, బడి వదిలేసిన ఖాళీ ఎంత పెద్దదో తెలుస్తుంది.

ఇంతకీ లైంగిక విద్య అంటే ఏమిటి? ఆ పేరు వినగానే, మూడో తరగతి పిల్లలకు పెద్దల విషయాలు వర్ణించి చెబుతారన్న భయం కలుగుతుంది. నిజానికి యునెస్కో 2009లో వెలువరించి 2018లో సవరించిన మార్గదర్శకాలు ఈ చదువును వయసుల వారీగా నాలుగు మెట్లు చేశాయి. నేను కోరేది కూడా ఆ పద్ధతే. ఐదు నుంచి ఎనిమిదేళ్ల పిల్లలకు చెప్పాల్సింది చాలా కొంచెం. ఒంట్లో ప్రతి భాగానికీ పేరుంది, ఆ పేరు పలకడం తప్పు కాదు. ముట్టుకునేది ఎంత పెద్దవాళ్లైనా సరే, నీకు ఇబ్బందిగా ఉంటే వద్దనవచ్చు. గుడ్ టచ్, బ్యాడ్ టచ్ అని ఇప్పుడు కొన్ని బళ్లలో నేర్పుతున్నది మంచిదే కానీ, అది ఒక్కటే చాలదు. ముద్దుగా మొదలయ్యే స్పర్శను బిడ్డ చెడ్డది అనుకోదు కాబట్టి, రహస్యం గురించి కూడా చెప్పాలి. అమ్మానాన్నలకు చెప్పొద్దు అని ఏ పెద్దవాళ్లన్నా అన్నారంటే, అది తప్పకుండా చెప్పాల్సిన సంగతే. చెప్పినప్పుడు ఒకరు నమ్మకపోతే ఇంకొకరికి చెప్పాలి. ఎవరూ నమ్మకపోతే పిల్లల సహాయ నంబరు 1098కి ఫోన్ చేయాలి. తొమ్మిది నుంచి పన్నెండేళ్ల పిల్లలకు, రాబోయే శారీరక మార్పుల గురించి అవి రాకముందే చెప్పాలి. నెలసరి గురించి మగపిల్లలకూ చెప్పాలి. అప్పుడే క్లాసులో ఆడపిల్ల బట్టల మీద మరక కనిపిస్తే నవ్వకుండా ఉంటారు. ఆపై వయసులో ఆకర్షణ, స్నేహం, ఫోన్‌లో ఫొటోలు పంపమనే ఒత్తిడి, వేధింపు గురించి చెప్పాలి. పదిహేనేళ్లు దాటాక గర్భధారణ, గర్భనిరోధం, హెచ్ఐవీ, చట్టం గురించి చెప్పాలి. ఇక్కడ 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే తేల్చిన ఒక నిజం గుర్తుచేయాలి. దేశంలో 15 నుంచి 49 ఏళ్ల వయసువారిలో హెచ్ఐవీ గురించి సమగ్రంగా తెలిసినవారు ఆడవాళ్లలో నూటికి 22 మంది, మగవాళ్లలో 31 మంది మాత్రమే.

ఈ చదువులో సగం శరీరం గురించైతే, మిగతా సగం మనుషుల మధ్య సంబంధాల గురించి. మన దగ్గర ఎక్కువ నిర్లక్ష్యానికి గురైంది ఆ రెండో సగమే. 2008 డిసెంబరులో వరంగల్‌లో ఇద్దరు ఇంజినీరింగ్ విద్యార్థినుల మీద యాసిడ్ దాడి జరిగింది. వారిలో ఒకరు ఆ నెలలోనే చనిపోయారు. అప్పటి నుంచి ఇప్పటిదాకా, ప్రేమను కాదన్నందుకు కత్తితో పొడిచాడు, పెట్రోలు పోశాడు అన్న వార్తలు మన పత్రికల్లో ఆగలేదు. ప్రతిసారీ శిక్ష ఎంత కఠినంగా ఉండాలని మాట్లాడుకుంటాం. కాదు అన్న మాటను తట్టుకోవడం ఆ కుర్రాడికి ఎక్కడైనా ఎవరైనా నేర్పారా అని మాత్రం అడగం. వెంటపడితే అమ్మాయి ఒప్పుకుంటుందని సినిమా నేర్పింది. ఒప్పుకోకపోతే పరువు పోయినట్టేనని స్నేహితులు నేర్పారు. ఇంకొకరి ఇష్టాన్ని అడిగి తెలుసుకోవాలని, వద్దంటే అక్కడితో ఆగిపోవాలని, మనసు విరిగినా బతుకు ముందుకు సాగుతుందని నేర్పే పీరియడ్ ఒక్కటీ పన్నెండేళ్ల చదువులో లేదు. మరోవైపు, పరస్పరం ఇష్టపడ్డ పిల్లలు కూడా తెలియక చట్టంలో చిక్కుకుంటున్నారు. అస్సాం, మహారాష్ట్ర, పశ్చిమ బెంగాల్ కోర్టుల్లో పోక్సో తీర్పులు ఏడు వేలకు పైగా పరిశీలించిన ఒక అధ్యయనంలో, దాదాపు నాలుగో వంతు ప్రేమ వ్యవహారాలే అని తేలింది. పద్దెనిమిదేళ్లలోపు ఇష్టానికి చట్టంలో విలువ లేదని, పారిపోతే కుర్రాడు జైలుకు వెళ్లే ప్రమాదముందని ఆ పిల్లలకు అరెస్టు నాటిదాకా ఎవరూ చెప్పి ఉండరు.

ఇప్పుడు అభ్యంతరాల దగ్గరికి వస్తాను. మొదటిది, చెబితే పిల్లలు చెడిపోతారన్నది. తల్లిదండ్రులకు ఈ భయం ఉండటం సహజమే. అయితే ఈ ప్రశ్నను అనేక దేశాల్లో పరీక్షించి చూశారు. యునెస్కో సమీక్షలు తేల్చింది ఏమిటంటే, లైంగిక విద్య వల్ల పిల్లలు ముందుగా లైంగిక జీవితం మొదలుపెట్టడం గానీ, ప్రమాదకరమైన పనులు పెరగడం గానీ జరగలేదు. కొన్నిచోట్ల అది మొదలయ్యే వయసు మరింత పెరిగింది. అమెరికాలో పరిశోధకుడు డగ్లస్ కర్బీ 2007లో 48 సమగ్ర కార్యక్రమాలను పరిశీలించి, వాటిలో మూడింట రెండు వంతుల్లో పిల్లల ప్రవర్తన మీద మంచి ఫలితం కనిపించిందన్నారు. పెళ్లిదాకా వద్దు అని మాత్రమే చెప్పి ఊరుకునే పాఠాలకు అలాంటి ఫలితాలు అంతగా రాలేదు. చిన్నపిల్లల రక్షణ పాఠాల మీద వైద్య పరిశోధనలను సమీక్షించే కాక్రేన్ సంస్థ 2015లో ఏడు చోట్ల జరిగిన 24 ప్రయోగాలను సమీక్షించింది. ఆ పాఠాలు విన్న పిల్లలకు తమను తాము కాపాడుకునే తెలివి పెరిగింది. తమకు జరిగింది చెప్పుకోవడం పెరిగింది. భయం, ఆందోళన పెరిగిన దాఖలా కనిపించలేదు. దాడులే ఎంత తగ్గాయో ఆ ప్రయోగాలు తేల్చలేదన్న మాటా నిజమే. కానీ చెప్పుకోవడం పెరిగిందన్నది నా వాదనకు మూలం. చట్టం ఎదురుచూసేది దాని కోసమే. పైగా చెప్పకపోతే తెలియకుండా ఉంటుందా? చేతిలో స్మార్ట్‌ఫోన్ ఉన్న పిల్లవాడికి ఎలాగూ తెలుస్తుంది. ఆడదాన్ని హింసించడమే మగతనమని చూపించే వీడియోలే అతనికి మొదటి గురువులవుతాయి.

రెండో అభ్యంతరం సంస్కృతి. 2005లో కేంద్రం కౌమార విద్యా కార్యక్రమాన్ని మొదలుపెడితే, 2007 నాటికి మహారాష్ట్ర, కర్ణాటక, మధ్యప్రదేశ్ వంటి అనేక రాష్ట్రాలు దాన్ని ఆపేశాయి. ఎం. వెంకయ్యనాయుడు అధ్యక్షతన రాజ్యసభ పిటిషన్ల కమిటీ 2009లో ఇచ్చిన నివేదిక, మన సామాజిక, సాంస్కృతిక వాతావరణంలో బడుల్లో లైంగిక విద్యకు చోటు లేదన్నది. కౌమారంలో వచ్చే మార్పులు, హెచ్ఐవీ వంటి అంశాలను ప్లస్ టూ స్థాయికి ముందు కాకుండా, జీవశాస్త్రంలో చేర్చాలని సూచించింది. ఆ కమిటీ ముందు పెద్దలు వెలిబుచ్చిన ఆందోళనను నేను తేలిగ్గా తీసుకోను. కొంత పాఠ్య సామగ్రి వయసుకు తగినట్టు లేదన్న విమర్శలో ఆలోచించాల్సింది ఉంది. కానీ ఆ సూచన మన ఇంటర్ కాలేజీలో ఎలా ఉంటుందో చూడండి. బైపీసీ తీసుకున్నవాళ్లకే జీవశాస్త్రం. ఎంపీసీ, సీఈసీ పిల్లలకు ఆ పాఠమే రాదు. పది తప్పి పనికి వెళ్లిన పిల్లలకు అసలే రాదు. ఎనిమిదేళ్లప్పుడు వేధింపు ఎదురైన బిడ్డకు పదహారేళ్లప్పుడు పాఠం చెప్పి ప్రయోజనమేమిటి? ఇక మన పిల్లలకు పెళ్లికి ముందు ఇవన్నీ ఎందుకు అనేవాళ్లు ఒక్క లెక్క చూడాలి. 2019-21 కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 20 నుంచి 24 ఏళ్ల మహిళల్లో పద్దెనిమిది నిండకుండా పెళ్లయినవాళ్లు ఆంధ్రప్రదేశ్‌లో 29 శాతం, తెలంగాణలో 23 శాతానికి పైగా ఉన్నారు. ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 19 ఏళ్ల ఆడపిల్లల్లో నూటికి 12 మందికి పైగా అప్పటికే తల్లులో గర్భవతులో అయ్యారు. బడిలో చెప్పడానికి చిన్నపిల్ల అనుకున్న అమ్మాయినే మనం అత్తవారింటికి పంపుతున్నాం. శరీరం గురించి, గర్భం గురించి, తన ఇష్టాయిష్టాల గురించి ఒక్క మాటా తెలియకుండా ఆ పిల్లను పంపడం ఏ సంస్కృతికీ గౌరవం కాదు.

మూడోది, ఇది తల్లిదండ్రులు చెప్పాల్సిన విషయం, బడికేం పని అన్నది. తల్లిదండ్రులు చెబితే అంతకన్నా కావలసింది లేదు. చెప్పగలిగినవాళ్లు ఎందరు? వాళ్లకే ఎవరూ చెప్పలేదు. తెల్లవారుజామున కూలికి వెళ్లి చీకటిపడ్డాక వచ్చే అమ్మకు, హాస్టల్లో ఉన్న బిడ్డకు మధ్య ఆ సంభాషణ ఎప్పుడు జరుగుతుంది? అన్నిటికంటే ముఖ్యం, వేధింపు ఇంటిలోపలే జరుగుతున్నప్పుడు ఆ బిడ్డకు ఇల్లు దాటి చెప్పుకునే చోటు ఒకటి కావాలి. బడి తప్ప అలాంటి చోటు ఎంతమంది పిల్లలకు ఉంది? అలాగని తల్లిదండ్రుల మాటను పక్కన పెట్టనక్కర్లేదు. ఇంగ్లండులో 2020 సెప్టెంబరు నుంచి సంబంధాల పాఠాలు అన్ని బళ్లలోనూ తప్పనిసరి. ఏం చెప్పబోతున్నారో బడి ముందుగా తల్లిదండ్రులకు చూపించి, వాళ్ల అభిప్రాయం తీసుకోవాలి. ఉన్నత పాఠశాలలో లైంగిక విద్య భాగం తమ బిడ్డకు వద్దని తల్లిదండ్రులు కోరవచ్చు. సంబంధాల పాఠానికి, భద్రతకు చెందిన భాగానికి మాత్రం ఆ మినహాయింపు లేదు. మనకూ అలాంటి ఏర్పాటు తగినదే. అక్కడి పాఠాలు యథాతథంగా ఇక్కడికి తేవాలని నేను అనడం లేదు. మన పిల్లల బతుకుల్లోంచి, మన భాషలో రాసుకుందాం.

నాలుగో అభ్యంతరం అన్నిటికంటే బరువైనది. ఎవరు చెబుతారు? సిగ్గుపడే టీచరు ఎలా చెబుతారు? వేధించినవాడు టీచరే అయిన సంఘటనలు మనం చూడలేదా? చూశాం. అందుకే ఈ చదువు ఒక్క మనిషి దయ మీద ఆధారపడకూడదు. కేంద్రం 2020 ఫిబ్రవరిలో ఆయుష్మాన్ భారత్ కింద బడి ఆరోగ్య కార్యక్రమం ప్రారంభించింది. దాని ప్రకారం ప్రతి బడిలో ఇద్దరు టీచర్లకు, వీలైతే ఒక ఆడ, ఒక మగ టీచరుకు శిక్షణ ఇచ్చి, పదకొండు అంశాలు బోధించాలి. ఎదుగుదల, మనుషుల మధ్య సంబంధాలు, ఆడ మగ సమానత్వం, పునరుత్పత్తి ఆరోగ్యం, హింస నుంచి భద్రత, ఇంటర్నెట్ జాగ్రత్తలు అన్నీ అందులో ఉన్నాయి. అంటే కాగితం మీద ఏర్పాటు ఇప్పటికే ఉంది. టైం టేబుల్లో పీరియడ్, టీచరుకు ఏటా శిక్షణ, బీఎడ్ చదువులోనే ఈ పాఠం చెప్పే సాధన ఉంటే కాగితం మీది మాట గదిలోకి వస్తుంది. పిల్లలు పేరు రాయకుండా సందేహం రాసి వేసే ప్రశ్నల పెట్టె ఒకటి తరగతిలో ఉంటే, టీచరుకూ బిడ్డకూ సిగ్గు సగం తీరుతుంది. జార్ఖండ్‌లో ఈ పని ఎలా చేయవచ్చో చూపించారు. అనేక రాష్ట్రాలు కౌమార విద్యను ఆపేస్తున్న కాలంలోనే అక్కడి విద్యాశాఖ ఒక స్వచ్ఛంద సంస్థతో కలిసి ఉడాన్ పేరుతో దాన్ని ప్రభుత్వ ఉన్నత పాఠశాలల్లో కొనసాగించింది. పేదరికం, బాల్య వివాహాలు ఎక్కువగా ఉన్న రాష్ట్రంలో సాధ్యమైనది మనకు ఎందుకు కాదు? ఇక తప్పు చేసే టీచరు సంగతి. అతను భయపడేది, తమకు జరిగింది గుర్తించి బయటికి చెప్పగల పిల్లలున్న తరగతికే.

సుప్రీంకోర్టు 2024 సెప్టెంబరులో బాలల అశ్లీల చిత్రాల కేసులో ఇచ్చిన తీర్పులో, లైంగిక విద్య పాశ్చాత్యుల వ్యవహారమన్న అపోహను తొలగించాలని, వయసుకు తగిన సమగ్ర విద్యను అందించాలని చెప్పింది. పోక్సో చట్టం 43వ సెక్షన్ కూడా, చట్టం గురించి పిల్లలకు, తల్లిదండ్రులకు తెలిసేలా టీవీ, రేడియో, పత్రికల ద్వారా ప్రచారం చేయడాన్ని ప్రభుత్వాల బాధ్యత చేసింది. ఆ బాధ్యతలో రేడియో వంతు ఈ ప్రసంగం అనుకోండి. మీ వంతు ఒకటి మిగిలింది. మీ బిడ్డ బడిలో ఈసారి తల్లిదండ్రుల సమావేశం జరిగినప్పుడు మార్కుల సంగతి అడిగాక, ఇంకో మూడు ప్రశ్నలు అడగండి. రక్షణ పాఠాలు, కౌమార పాఠాలు చెప్పడానికి శిక్షణ పొందిన టీచర్లు ఈ బడిలో ఎవరు? టైం టేబుల్లో వాటికి పీరియడ్ ఎప్పుడు? బిడ్డ వచ్చి ఏదైనా చెబితే ఈ బడి ఏం చేస్తుంది? వేధింపు సంగతి తెలిసీ పోలీసులకు తెలియజేయకపోవడం నేరమని పోక్సో 19, 21 సెక్షన్లు చెబుతున్నాయని కూడా గుర్తుచేయండి. ఒక్కరు అడిగితే హెడ్మాస్టరు మాట దాటవేయవచ్చు. పదిమంది అడిగితే పై అధికారులకు రాస్తారు. మండలంలో ప్రతి బడిలోనూ అడిగితే ప్రభుత్వం శిక్షణకు డబ్బు కేటాయించక తప్పదు. మన పిల్లలకు గణితం రాకపోతే ఊరుకోం, ఇంగ్లిషు రాకపోతే ఊరుకోం. తమ ఒంటి గురించి, తమ భద్రత గురించి, ఎదుటి మనిషి ఇష్టం గురించి వాళ్లకు తెలియకపోతే కూడా ఊరుకోకూడదు.